పహాణీలో లేని పేర్లు, పటంలో ఉన్న మనుషులు

తెలంగాణలో భూమి తగాదా కోర్టుకెక్కితే మొదట అడిగే కాగితాల్లో 1954–55 నాటి ఖాస్రా పహాణీ ఒకటి. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగు చేస్తున్నవారి పేరు అందులో ఉంటాయి. డెబ్బై ఏళ్లు దాటినా దాని మాటకు విలువ తగ్గలేదు. ఆ కాగితంలో ఒక ఇంటిని వెతకబోతే మాత్రం దొరికేది సాధారణంగా ఒక మగవాడి పేరు, అతని తండ్రి పేరు. ఆ పొలంలో నాట్లు వేసినామెకు, అత్తారింటికి వెళ్లిన ఆడబిడ్డకు, పెళ్లికాని చెల్లెలికి అందులో గడి లేదు. భర్త పోయి కొడుకులింకా చిన్నవాళ్లయితే తప్ప ఆడమనిషి పేరు పట్టాకెక్కడం అరుదు. పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చిందే 1986లో. ఆ పహాణీ కాలంలోనే అలాంటి ఇంటి గోడకు వేలాడిన గ్రూపు ఫోటోను దించి చూస్తే లెక్క మారిపోతుంది. అందులో ముసలమ్మ నడిమధ్య కుర్చీలో ఉంటుంది. కోడళ్లుంటారు, ఆడపిల్లలుంటారు, ఒళ్లో పాలు తాగే పిల్ల ఉంటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్ల స్టూడియోల్లో దిగిన ఇలాంటి ఫోటోలను మనం జ్ఞాపకాల కింద జమకట్టి వదిలేస్తున్నాం. నిజానికి అవి ఒక కుటుంబం తన గురించి తాను చెప్పుకున్న దస్తావేజులు. పహాణీని పట్వారీ రాశాడు, జనాభా లెక్కను ఎన్యూమరేటర్ రాశాడు, పోలీసు రికార్డును అమీన్ రాశాడు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఏం కట్టుకోవాలి, ఎవరిని పిలవాలి అన్నది ఇంటివాళ్లే తేల్చుకున్న దస్తావేజు ఈ ఫోటో ఒక్కటే. భూమి కాగితాన్ని ఎంత జాగ్రత్తగా చదువుతామో దీన్నీ అంత జాగ్రత్తగా చదవాలి, అంత జాగ్రత్తగా దాచాలి.

ఈ దస్తావేజు మన దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 1839లో పారిస్‌లో ఫోటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించారు. కొద్ది నెలల్లోనే ఆ కెమెరాలు కలకత్తాకు చేరాయి. అయినా దశాబ్దాల పాటు ఫోటో దిగడం దొరలకూ నవాబులకూ మాత్రమే సాధ్యమైంది. ఆ దశాబ్దాల్లో ఎక్కువగా నడిచిన పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. ఫోటోగ్రాఫర్ ఎక్కడికి వెళితే అక్కడికి చీకటి డేరా కూడా వెళ్లాల్సిందే. 1870, 80ల్లో పొడి ప్లేట్లు వచ్చాకే ఆ బాధ తప్పింది. హైదరాబాద్ రాజ్యంలో ఈ కళకు నిలువెత్తు పేరు రాజా దీనదయాళ్‌ది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో పనిచేసి, 1880ల మధ్యలో సికిందరాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. ఆయన చేసిన ఒక పని మన విషయానికి మరీ దగ్గరది. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో పెట్టారు. పరాయి మగవాడి కంటపడకూడని ఆడవాళ్లు కూడా ఫోటో కావాలనుకున్నారని, అందుకు డబ్బు పెట్టడానికి వాళ్ల ఇళ్లు సిద్ధపడ్డాయని ఆ ఒక్క ఏర్పాటు రుజువు చేస్తుంది. దీనదయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నిజాం దర్బారు ముఖాలు అలా దక్కాయి. నల్లగొండ జిల్లా రైతు ముఖం దక్కిందా అన్నదే మిగిలిన ప్రశ్న.

చిన్న ఊరికి స్టూడియో రావాలంటే రెండు కావాలి: జనం వచ్చిపోయే దారి, పంట చేతికొచ్చాక మిగిలే నాలుగు రూపాయలు. సూర్యాపేటకు, కోదాడకు హైదరాబాద్–విజయవాడ రోడ్డు మొదటిది ఇచ్చింది. రెండోది మిర్యాలగూడ వైపు కృష్ణ నీళ్లతో వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరైంది. బేరానికి వచ్చిన రైతు, పెళ్లి బట్టలకు వచ్చిన కుటుంబం, కాలేజీలో చేరే పిల్లవాడు, అందరూ బజారుకు రావాల్సినవాళ్లే. సాగర్‌కు దగ్గర్లోని పెద్దవూర లాంటి ఊళ్ల నుంచి ఫోటో కోసమని ప్రత్యేకంగా బయల్దేరినవాళ్లు తక్కువే అయుంటారు. పెళ్లి సామానుకో, ఆస్పత్రికో, సినిమాకో వచ్చినప్పుడు పనిలో పనిగా దిగేవాళ్లే ఎక్కువ. రెండేళ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద జరిగే లింగమంతుల జాతర లాంటి చోట్ల ఫోటోవాళ్లే పరదా పట్టుకుని జనం దగ్గరికి వచ్చేవారు.

లోపల ఏం జరిగేదో చూస్తేనే ఆ ఫోటోను చదవడం వస్తుంది. రోడ్డు మీదికి ఒక మల్గీ, దాని వెనక పొడుగాటి అర్ర. అర్ర చివర గోడకు పరదా, దానిమీద రంగులతో వేసిన మేడ మెట్లు, స్తంభాలు, తోట, వెనక్కి చంద్రుడో సరస్సో. దాని ముందు రెండు కుర్చీలు, ఒక టీపాయి, దానిమీద కాగితం పూల కుండీ. ఎదురుగా మూడుకాళ్ల స్టాండు మీద చెక్క కెమెరా. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలో తలదూరిస్తే వెనకనున్న గరుకు అద్దం మీద కుటుంబమంతా తలకిందులుగా కనబడుతుంది. అలా తలకిందులుగానే చూస్తూ ఎవరి గడ్డం ఎత్తాలో, ఎవరి భుజం తిప్పాలో చెప్పాలి. తర్వాత అద్దం స్థానంలోకి ప్లేటు జారుతుంది, లెన్సు మూత తీసి లెక్కపెట్టి మళ్లీ పెట్టేస్తారు. ఆ లెక్క సాగినంతసేపూ ఎవరూ కదలకూడదు. పాత ఫోటోల్లో పెద్దవాళ్లు బిగుసుకుపోయి ఉండి, ఒళ్లో పిల్ల ముఖం ఒక్కటే చెదిరిపోయి ఉండటానికి కారణం అదే. లైట్లు, ఫిల్ము మెరుగుపడి కదలికను రెప్పపాటులో పట్టే కాలం వచ్చాక కూడా మనవాళ్లు చాలాకాలం నవ్వలేదు. అప్పుడు యంత్రం అడ్డు లేదు. ఫోటో దిగడం పెద్ద సంగతి, నలుగురిలో కూర్చున్నట్టు కూర్చోవాలి అన్న మర్యాద అది. ఇక కూర్చునే వరుస సంగతి. పెద్దజంట కుర్చీల్లో, కొడుకులు వెనక, వాళ్ల పక్కనే కోడళ్లు, పిల్లలు ముందు చాపమీద. ఒకే ఇంటివి రెండు మూడు తరాల ఫోటోలు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో మొగుడు కూర్చుని పెళ్లాం కుర్చీ వెనక నిలబడి ఉంటుంది. ఇంకోదాంట్లో ఇద్దరూ కూర్చుంటారు. మూడోదాంట్లో ఇద్దరూ భుజాలు ఆనించి నిలబడతారు. ఆ ఇంట్లో ఆలుమగల మధ్య ఏం మారిందో ఏ ప్రభుత్వ కాగితమూ చెప్పదు, ఈ మూడు ఫోటోలు కొంత చెబుతాయి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: అదంతా వేషం కదా అని. వెనకున్న మేడ పరదా మీద బొమ్మ. కోటు స్టూడియోవాళ్లదే కావచ్చు. టీపాయి మీది రేడియో ఇంటిది కాకపోవచ్చు. చదువురాని పెద్దాయన చేతిలో పుస్తకం పెట్టి కూర్చోబెట్టి ఉండొచ్చు. ఇలాంటి ఫోటోను ఆధారంగా తీసుకుంటే కుటుంబం ఎలా బతికిందో తెలుస్తుందా? తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు దానిలో వెతకడమే తప్పు. మధ్యప్రదేశ్‌లోని నాగ్దా అనే పారిశ్రామిక పట్టణంలోని స్టూడియోలను ఏళ్ల తరబడి పరిశీలించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ పిన్నీ 1997లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది ఇదే: మన చిన్న ఊళ్ల స్టూడియోకు వచ్చేవాళ్లు ఉన్నదున్నట్టు నమోదు కావడానికి రారు, తాము కాగలిగిన ఇంకో రూపాన్ని చూసుకోవడానికి వస్తారు. నేను దీనికి ఒక అడుగు కలుపుతాను. ఏ వేషం ఎంచుకున్నారన్నదే పక్కా సాక్ష్యం. ఒక రైతు కుటుంబం ఎద్దులతో కాకుండా చేతిగడియారంతో కనబడాలనుకుంటే, ఆ ఏడు ఆ ఊళ్లో గౌరవం ఎటు కదులుతోందో తెలుస్తుంది. కూతురి చేతిలో పలక పెట్టించిన తండ్రి ఆ పిల్లను బడికి పంపాడో లేదో ఫోటో చెప్పదు, పంపడం గొప్ప అని అతను అనుకున్నాడని మాత్రం కచ్చితంగా చెబుతుంది. ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన పోరాట చిత్రాల సంగతీ ఇంతే. తెలంగాణ సాయుధ పోరాటాన్ని సునీల్ జానా కెమెరాతో పట్టుకున్నారు. ఆ రోజుల నుంచి మిగిలిన, తుపాకులు పట్టిన మహిళల ఫోటో ఎన్నో పుస్తకాలకు అట్టమీది బొమ్మ అయింది. అది కూడా కెమెరా కోసం నిలబడ్డ ఫోటోనే. అంతమాత్రాన వాళ్ల పోరాటం వేషం కాలేదు. తమను ఎలా గుర్తుంచుకోవాలో వాళ్లు నిలబడి చెప్పారు. స్టూడియో కుర్చీలో కూర్చున్న ఇల్లాలు చేసిందీ ఆ పనే, తుపాకీ లేకుండా.

కాకపోతే, చదవడం తెలియకుండా చదివితే ఫోటో నిజంగానే తప్పు చెబుతుంది. పాత ప్లేట్లకు, ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్రటి వస్తువు నల్లగా వస్తుంది, నీలం తెల్లబారిపోతుంది. ఆ ఫిల్మును ఎర్రదీపం కింద చూసుకుంటూ కడుక్కోవచ్చు కాబట్టి చిన్న స్టూడియోలకు అది అనువుగా ఉండేది. ఆ లెక్కన పాత ఫోటోలో ముత్తైదువ నుదుట నల్లటి చుక్క కనబడితే అది కుంకుమ బొట్టు కావచ్చు. నల్లగా కనిపించే పెళ్లిచీర అసలు ఎర్రది కావచ్చు. తెల్లచీర చూసి ఆమెను విధవ అనుకునే ముందు ఆ చీర లేత నీలమేమోనని ఆలోచించాలి. ఒంటి రంగులో ఎరుపు పాలు ఉంటుంది కాబట్టి మన మనుషులంతా ఉన్నదానికన్నా నల్లగా వచ్చేవారు. దాని వెంటే టచింగ్ పని పుట్టింది. నెగటివ్‌ను వాలుబల్ల మీద వెనక నుంచి వెలుగు వచ్చేలా పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖం మీద సన్నటి గీతలు నింపేవారు. నెగటివ్‌లో ఎక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. మశూచి మచ్చలు, కళ్లకింద నలుపు, ముడతలు అలాగే పోయేవి. భూతద్దంలోంచి చూసుకుంటూ ఒకటి రెండు గంటలు ఆ పనే చేసిన చేతులకు మన ఊళ్లలో ఏ పేరూ మిగల్లేదు. నన్నడిగితే ఆ పనితనం చిత్రకారుడి పనితనానికి తీసిపోదు. అందుకే ప్రింటు ఎంత ముఖ్యమో నెగటివ్ అంతకన్నా ముఖ్యం. ఏటవాలు వెలుగులో పట్టుకుంటే ఆ పెన్సిల్ గీతలు ఇప్పటికీ కనబడతాయి, వాటి కింద అసలు ముఖం కూడా కనబడుతుంది.

రెండో అభ్యంతరం మొదటిదానికన్నా బరువైనది. ఫోటో దిగింది ఎవరు? భూమి ఉన్నవాళ్లు, దుకాణాలున్నవాళ్లు, ఉద్యోగస్తులు. జీతగాడి కుటుంబం, మాదిగ వాడ, లంబాడీ తండా ఆ కుర్చీల్లో ఎప్పుడు కూర్చున్నాయి? ఇది నిజం, దీన్ని తప్పించుకోకూడదు. గోడమీది గ్రూపు ఫోటోలను మాత్రమే పోగేస్తే పాత దొరతనానికి కొత్త ఆల్బం కట్టినట్టవుతుంది. ఈ కొరతకు మందు కూడా స్టూడియోలోనే ఉంది, అది గోడమీద కాకుండా నెగటివ్‌ల పెట్టెలో ఉంది. 1993లో ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులు తెచ్చింది. పింఛను, బ్యాంకు ఖాతా, హాల్‌టికెట్, ఉపాధి పనులు అంటూ ప్రభుత్వం ప్రతిదానికీ ఫోటో అడగడం మొదలుపెట్టింది. రేషన్ కార్డుకైతే కుటుంబమంతా కలిసి దిగిన ఫోటోనే కావాలంది. దాంతో అంతకుముందు ఎన్నడూ కెమెరా ముందు కూర్చోని ముసలమ్మలు వరుసకట్టి కూర్చున్నారు. ఈ ఫోటోలు వాళ్లు కోరి దిగినవి కావు, కచేరీ అడిగితే దిగినవి. మరి వీటిని కుటుంబం సొంత మాటగా ఎలా లెక్కపెడతాం? మనిషి పోయాక ఏమవుతుందో చూడాలి. పేదింట్లో తల్లి చనిపోతే ఆమెది ఒక్కటే ఫోటో ఉంటుంది, పాస్‌పోర్టు సైజుది. కొడుకు దాన్ని తీసుకుని స్టూడియోకు వెళతాడు. అక్కడ దాన్ని పెద్దది చేసి, వెనక నీలిరంగు వేసి, అంచు నలిగిన చీరను సరిచేసి, కొన్నిసార్లు ఎప్పుడూ పక్కన కూర్చోని భర్తను పక్కన కూర్చోబెట్టి పటం కట్టిస్తారు. దండ వేసి అద్దం మీద బొట్టు పెట్టాక అది ఇక ప్రభుత్వం ఫోటో కాదు. కచేరీ కోసం తీసిన ముఖాన్ని ఇల్లు తిరిగి తెచ్చుకుంది. ఈ మార్పు జరిగింది చిన్న ఊరి స్టూడియోలోనే, అందులోని పనివాడి చేతిలోనే.

నెగటివ్‌ల పెట్టె విలువ తెలియాలంటే లోకంలో జరిగిన రెండు సంగతులు చాలు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని హీబర్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో మైక్ డిస్‌ఫార్మర్ అనే ఫోటోగ్రాఫర్ దశాబ్దాల పాటు చుట్టుపక్కల రైతుల ఫోటోలు తీసి 1959లో చనిపోయాడు. అతని గాజు నెగటివ్‌లను ఊరివాడొకరు ఐదు డాలర్లకు కొని దాచాడు. 1976లో అవి పుస్తకంగా వచ్చాక ఆ ఊరి సేద్యగాళ్ల ముఖాలు మ్యూజియంలకెక్కాయి. ఆఫ్రికాలో మాలి దేశపు బమాకోలో సేదు కేతా 1948లో స్టూడియో పెట్టి, తీసిన ప్రతి నెగటివ్‌నూ జాగ్రత్త చేశాడు. అందుకే స్వాతంత్ర్యం ముందరి ఆ నగరం ఎలాంటి బట్టలు కట్టింది, ఏ స్కూటరు పక్కన నిలబడి మురిసింది అన్నది ఇవాళ ప్రపంచానికి తెలుసు. మనకు దగ్గర్లోనే, పాండిచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళనాడులోని పాత స్టూడియోలు తిరిగి వేల ఫోటోలను డిజిటల్‌గా మార్చారు. తెలుగునాట ఇంత పట్టుదలగా చిన్న ఊళ్ల స్టూడియోల మీద పని జరగాల్సి ఉంది. మనవాళ్లకు ఇలాంటి పని చేతకాదనుకోవడానికి లేదు. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతికి, వాళ్ల నోటి మాటలు పోగేసి స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను 1986లో తెచ్చింది. నోటిమాటను చరిత్రగా ఒప్పుకున్నాం. ఫోటోకు ఆ మర్యాద ఇంకా దక్కలేదు. ఈలోపు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ‘ఇందు’ ఫిల్ము, కాగితం కనుమరుగయ్యాయి. డార్క్‌రూములు జెరాక్స్ గదులయ్యాయి. పాత నెగటివ్‌లో వెండి ఉంటుంది కాబట్టి దాన్ని కిలోల లెక్కన కొనేవాళ్లూ ఉన్నారు. స్టూడియో అమ్మేసేటప్పుడు ఆ పెట్టెలకు ఇంకే ధరా పలకడం లేదు.

ఫోన్లో వేల ఫోటోలున్నాక ఇంకా ఈ పాత అట్టలెందుకు అనే మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఫోన్లోని వేల ఫోటోల్లో ఏ ఒక్కటీ కుటుంబమంతా కూర్చుని, తేల్చుకుని, డబ్బు పెట్టి దిగింది కాదు. ఆలోచించాల్సిన మాట ఇంకోటుంది. ఇవి ఇంటి గుట్టు, పైగా ఆడవాళ్ల ఫోటోలు, ఊరందరికీ చూపించే వస్తువులు కావు అని చాలామంది పెద్దలు అంటారు. వాళ్లు చెప్పేది సబబే. కొన్ని గ్రూపు ఫోటోల్లో ఒక మనిషి ముఖాన్ని కత్తెరతో తీసేసి ఉంటారు. కులం దాటి పెళ్లి చేసుకున్న కూతురో, పంపకాల్లో విడిపోయిన తమ్ముడో అయుంటారు. ఆ ఖాళీ కూడా ఆ ఇంటి దస్తావేజులో భాగమే, దాన్ని బజారున పెట్టే హక్కు మాత్రం పరిశోధకుడికి లేదు. దాచడం వేరు, చూపించడం వేరు అన్న తేడా పాటిస్తే ఈ చిక్కు వీడుతుంది. నెగటివ్‌లు జిల్లా గ్రంథాలయంలోనో యూనివర్సిటీలోనో భద్రంగా ఉండొచ్చు, కుటుంబం ఒప్పుకున్నాకే బయటికి రావచ్చు. భూమి రికార్డు గదికి తాళం వేయడం వచ్చిన మనకు దీనికి తాళం వేయడం రాకపోదు.

ఇళ్లలో చేయగలిగింది దీనికన్నా సులువు. ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయాలి, ఎడమ నుంచి కుడికి, ముఖ్యంగా ఆడవాళ్ల పేర్లు, పుట్టింటి ఊరితో సహా. బాల్‌పెన్ వద్దు, దాని గీత ముందుకు పొడుచుకొస్తుంది. లామినేషన్ చేయించొద్దు, చేశాక విప్పడం కుదరదు. అద్దానికి ఫోటో అతుక్కుపోయి ఉంటే పీకొద్దు, అద్దంతో సహా స్కాన్ చేయించాలి. స్టూడియో ముద్ర అట్ట వెనకో కింది అంచునో ఉంటుంది, ఫ్రేము మార్చేటప్పుడు ఆ అట్టను పారేయొద్దు, ఊరూ కాలమూ తేల్చేది అదే. ఏది ముందు స్కాన్ చేయించాలి అన్నదాంట్లో మాత్రం చాలామంది లెక్క తలకిందులుగా ఉంటుంది. తాతల కాలపు నలుపు తెలుపు ఫోటో వెండితో ఏర్పడింది, హైపో సరిగ్గా కడిగి ఉంటే నూరేళ్లయినా నిలుస్తుంది. 1970, 80ల నాటి కలర్ ప్రింట్లు రసాయన రంగులతో ఏర్పడ్డాయి, అవి ఎరుపెక్కి, పసుపెక్కి వెలిసిపోతున్నాయి. కాలువ నీళ్లొచ్చాక మిర్యాలగూడ, కోదాడ ఇళ్లలో తొలిసారి రంగుల్లో తీయించుకున్న పెళ్లి ఆల్బములు అవే. నలుపు తెలుపువి ఇంకో పదేళ్లు ఆగగలవు, ఈ రంగులవి ఆగలేవు.